నిర్మాల్యం ఏ డబ్బాలో వేయాలి?

వినాయక చవితి మర్నాడు మా డర్హమ్ ప్రాంతపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒకే ప్రశ్న తిరుగుతుంది: "పత్రి ఎక్కడ వేయాలండీ?" ఒకరు ఒషావా క్రీక్‌లో వదిలేయమంటారు. ఇంకొకరు లేక్‌వ్యూ పార్క్ దగ్గర సరస్సులో, కాస్త చీకటి పడ్డాక, అంటారు. గుడికి తీసుకెళ్ళి ఇచ్చేయమనే వాళ్ళు ఉంటారు. గ్రీన్ బిన్‌లో వేసేయండి అని ఎవరో కుర్రవాడు అనగానే "దేవుడికి పెట్టినవి చెత్తలో వేస్తామా?" అని పదిమంది లేస్తారు. అడ్మిన్ గారు వచ్చి పండగపూట గొడవలొద్దని సర్దిచెబుతారు. బతుకమ్మకి మళ్ళీ అదే ప్రశ్న, కార్తీకం అయ్యాక పోలి పాడ్యమికి మళ్ళీ అదే.

ఈ గొడవని చాదస్తం అని కొట్టిపారేసే వాళ్ళున్నారు. నేను ఆ గుంపులో లేను. నాకు ఆసక్తి కలిగించేది ఆ "చీకటి పడ్డాక" అన్న మాట. తప్పు లేదనుకున్న పనికి చీకటి అక్కర్లేదు. అంటే సలహా ఇస్తున్నవాళ్ళకి కూడా లోపల ఎక్కడో తెలుసు. తెలిసీ ఆ పనే ఎందుకు చెబుతున్నారంటే, వాళ్ళ నమ్మకానికి ఈ ఊళ్ళో ఇంకో దారి కనబడలేదు కాబట్టి.

ముందు ఈ ఊరి సంగతి. ఒషావాలో గ్రీన్ బిన్‌ని ప్రతి వారం తీసుకెళ్తారు. అందులో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం లాంటివి వేస్తాం. మామూలు చెత్త రెండు వారాలకోసారి, ఇంటికి నాలుగు సంచులు మించకుండా. ఆ సంచులు చివరికి చేరేది పక్కనున్న కోర్టిస్‌లోని డర్హమ్ యార్క్ ఎనర్జీ సెంటర్‌కి. 2016లో పని మొదలుపెట్టిన ఆ ప్లాంటు ఏడాదికి 1,40,000 టన్నుల చెత్తని కాల్చి కరెంటు తీస్తుంది. ఆకులకీ కొమ్మలకీ వేరే లెక్క ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మొత్తం మీద ఇక్కడ చెత్తకి ఒక శాస్త్రం ఉంది. ఏది దేనిలో వేయాలి, ఏ రోజు బయట పెట్టాలి, ఎంత పెట్టాలి, అన్నీ కాగితం మీద రాసి ఇంటికి పంపుతారు.

మనకీ అలాంటి శాస్త్రమే ఉంది, కాకపోతే ఎవరూ కాగితం మీద రాయలేదు. మా అమ్మ సూపర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. ఆవిడ చిన్నప్పటి ఇంట్లో చెత్త అన్న ఒక్క మాటతో పని జరిగేది కాదట. బియ్యం కడిగిన నీళ్ళూ కూరల తొక్కలూ కుడితి తొట్టిలోకి, అంటే గేదెలకి. పేడా, పొయ్యి బూడిదా, ఊడ్చిన కసువూ పెంటకుప్ప మీదకి, అక్కణ్ణుంచి పొలానికి. దేవుడి దగ్గర తీసిన పూలు ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లోకి, లేదా కాలవలోకి. దిష్టి తీసిన నిమ్మకాయ, మిరపకాయలు నాలుగు దారులు కలిసే చోటికి. ఎంగిలి విస్తళ్ళు వేరు, మడి గిన్నెలు కడిగిన నీళ్ళు వేరు. దీపం పెట్టాక ఇల్లు ఊడ్చి ఆ చెత్త బయట పారేస్తే లక్ష్మి పోతుంది, కాబట్టి అది మూలకి తోసి పొద్దున్నదాకా ఆగాలి. చీకట్లో పోగొట్టుకున్న ముక్కుపుడక చెత్తలో పోకుండా ఉండటానికే ఆ నియమం పుట్టిందని మా అమ్మ వివరణ. నిజమో కాదో గానీ, వినడానికి బావుంది.

ఇది చూస్తే తడి చెత్త, పొడి చెత్త అన్న రెండు డబ్బాల కంటే చాలా సూక్ష్మమైన విభజన. తిరుమలలో స్వామికి అలంకరించిన పూలని భక్తులకి ఇవ్వరు. వాటిని పూలబావిలో వేసే ఆచారం ఎప్పటి నుంచో ఉంది. అంటే అంత పెద్ద క్షేత్రం కూడా "వాడిన పూలు ఎటు పోవాలి" అనే ప్రశ్నని పట్టించుకుని, దానికి ఒక చోటు కట్టి పెట్టింది. అందుకే వాట్సాప్‌లో లేచిన ఆ పదిమందిని చూసి నాకు నవ్వు రాదు. వాళ్ళు శుభ్రత తెలియని వాళ్ళు కారు. వాళ్ళకి తెలిసిన శుభ్రతకి ఇక్కడ చిరునామా మారిపోయింది, అంతే.

మరి తేడా ఎక్కడ వచ్చింది? మొదటిది సరుకులో. కాలవలో వేసినప్పుడు పూలు పూలే, మట్టి మట్టే. గునుగు పూలూ తంగేడు పూలూ చెరువులో కలిస్తే నీళ్ళకి మేలని తెలంగాణలో పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇక్కడ బతుకమ్మని పేర్చేది సూపర్ మార్కెట్లో కొన్న చామంతులతో, రంగు అద్దిన కార్నేషన్లతో. అడుగున పూలు నిలబెట్టే ఆకుపచ్చ ఫోమ్, చుట్టూ తీగ, మెరుపు రిబ్బను. వినాయకుడి విగ్రహానికి ప్లాస్టర్, ఆయిల్ రంగు, జరీ బట్ట, మెడలో ప్లాస్టిక్ దండ. పేరు మాత్రం నిర్మాల్యమే, లోపలి వస్తువు వేరే.

రెండోది కాలంలో. చవితి, బతుకమ్మ, దసరా వచ్చే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఒంటారియో సరస్సు నుంచి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి వాగులకి ఎదురెక్కుతాయి. ఒషావా క్రీక్‌లోకీ వస్తాయి. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి, రాళ్ళ మీద పడుతూ లేస్తూ అవి ఎక్కుతుంటే కళ్ళు తిప్పుకోలేం. అదే వారం అదే వాగులో మనం పత్రి, పసుపు, కర్పూరం, తగరపు కాగితం వదులుతున్నాం. చేపలుండే నీళ్ళలో హాని చేసే పదార్థం వేయకూడదని కెనడా మత్స్య చట్టం 36వ సెక్షన్ చెబుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ వాగు వెళ్ళి కలిసేది ఒంటారియో సరస్సులో. మన ఇళ్ళలో కుళాయి తిప్పితే వచ్చేవి ఆ సరస్సు నీళ్ళే. అదే నీళ్ళతో రేపు స్వామికి అభిషేకం చేస్తాం.

"ఇండియాలో అందరూ చేస్తున్నదే కదా" అనేవాళ్ళకి ఒక మాట. ఇండియాలోనూ మారింది. పీవోపీ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో పీవోపీ విగ్రహాల నిమజ్జనం కుదరదంది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి, చివరిసారి అంటూ వెసులుబాటు ఇచ్చింది. ఆ మాట ఎంతవరకు అమలైందన్నది హైదరాబాదు వాళ్ళకే ఎక్కువ తెలుసు. కానీ 2022లో ఖైరతాబాద్ వినాయకుణ్ణి మొదటిసారి మట్టితో, 50 అడుగుల ఎత్తున చేశారు. ఊరంతటికీ పెద్ద వినాయకుడే మట్టిలోకి మారినప్పుడు, మన ఇంట్లో జానెడు విగ్రహం గురించి మొండిపట్టు ఏముంటుంది? టీటీడీ కూడా 2021 సెప్టెంబరు నుంచి పూజల్లో వాడిన పూలతో అగరబత్తులు చేయించి ఏడు రకాలుగా అమ్ముతోంది. పూలబావి ఆచారం ఉన్న సంస్థే ఆ పని చేసింది. అపచారం అని ఎవరూ అనలేదు, క్యూలో నిలబడి కొనుక్కుంటున్నారు.

ఇంతవరకు చెప్పింది తేలిక భాగం. మన నమ్మకాల్లో ఇంకోటి ఉంది, అది పూల గురించి కాదు. గడప గురించి.

గడప లోపల అద్దంలా ఉండాలి, గడప దాటాక ఎలా ఉన్నా మనది కాదు. సుదీప్త కవిరాజ్ అనే పండితుడు కలకత్తా మీద 1997లో రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతే చర్చించారు. ఇంటి చెత్త ఇంటి సరిహద్దు దాటిస్తే చాలు, దాని పని అయిపోయినట్టే. బయట ఉన్న జాగా అందరిదీ అని కాదు, ఎవరిదీ కాదు అని లెక్క. తెనాలికైనా వరంగల్‌కైనా ఈ వర్ణన సరిపోతుంది. ఆ బయట జాగాని శుభ్రం చేసే మనిషి ఒకరుంటారు, ఆ మనిషికి ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు వేరు. పుట్టుక చూసి ఆ పని అప్పగించారు. కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో అలాంటి పారిశుధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. పేరులోనే బెజవాడ ఉన్న మనిషి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 2013లో మరో చట్టం వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆయన చెబుతున్నది ఒకటే: ఇది సాంకేతిక సమస్య కాదు, కులం సమస్య. మన ప్రవాస సంఘాల వేదికల మీద సన్మానాలు ఎందరికో జరుగుతాయి. ఆయన పేరు వినిపించగా నేను వినలేదు.

ఒషావాలో కులం లారీ ఎక్కి రాదు. చెత్త తీసుకెళ్ళే ఉద్యోగి సిటీ ఉద్యోగి, జీతం, సెలవులు, యూనియన్ అన్నీ ఉన్నవాడు. మంచులో పొద్దున్నే వచ్చి, మన డబ్బా మూత సరిగ్గా లేకపోతే చీటీ అంటించి వెళ్ళిపోగలడు. ఆ చీటీ చూసి "వాడికెంత పొగరు" అన్న మాట మన నోట వస్తే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించాల్సిందే. పండగ భోజనాలయ్యాక అద్దె హాల్లో పేపరు ప్లేట్లు వదిలేసి "డిపాజిట్ కట్టాం కదా, వాళ్ళే చూసుకుంటారు" అంటాం చూడండి, ఆ "వాళ్ళు" అన్న మాటలో పాత ఊరి వాసన ఉంది. ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2023 అక్టోబరులో కుల వివక్ష గురించి ప్రత్యేకంగా ఒక విధాన ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే, మనం సూట్‌కేసులో తెచ్చుకున్నవి ఆవకాయలు మాత్రమే కాదని ఇక్కడి వాళ్ళకీ అర్థమైంది.

అయితే అన్నిటికీ సంస్కృతిని నిందించడం కూడా నాకు నచ్చదు. ఒషావా ఉత్తరాన యూనివర్సిటీ, కాలేజీ పక్కపక్కనే ఉన్న సిమ్‌కో స్ట్రీట్ చుట్టుపక్కల ఇళ్ళు చూడండి. ఒక్కో ఇంట్లో, బేస్‌మెంటుతో కలిపి, ఏడెనిమిది మంది విద్యార్థులు. ఇంటికి నాలుగు సంచులంటే ఎనిమిది మందికీ నాలుగే. ఓనరు వేరే ఊళ్ళో ఉంటాడు, డబ్బాల గురించి పిల్లలకి చెప్పేవాళ్ళుండరు. ఐదో సంచి గరాజ్ పక్కన మిగిలిపోతుంది, రాత్రికి రకూన్లు వచ్చి చింపి వీధంతా పరుస్తాయి. అది నమ్మకం సమస్య కాదు, అద్దె సమస్య. ఆ ఇంట్లో ఉన్నది మన పిల్లలైతే "ఇండియన్లు ఇంతే" అంటారు. వేరే వాళ్ళ పిల్లలైతే "స్టూడెంట్లు ఇంతే" అంటారు. మార్చిలో మంచు కరిగినప్పుడు రోడ్డు పక్క కాలవల్లో తేలే కాఫీ కప్పులు ఏ మతానివో నాకు తెలీదు గానీ, వాటిని చూసి ఎవరి సంస్కృతి మీదా వ్యాసాలు రావు.

ఈ మాట ఇప్పుడు చెప్పాల్సిన అవసరం ఉంది. గత కొన్నేళ్ళుగా వాగు ఒడ్డున కొబ్బరికాయలు, దీపాల ప్రమిదలు, దేవుడి పటాలు కనబడితే చాలు వీడియో తీసి పెట్టేవాళ్ళు పెరిగారు. కింద వచ్చే కామెంట్లు చెత్త గురించి కావు, మన ఒంటి రంగు గురించి. దానికి మనవాళ్ళ స్పందన రెండు రకాలు. అదంతా అబద్ధం, ద్వేషం అని తోసిపుచ్చడం ఒకటి. సిగ్గుతో ఇంట్లో గంట కూడా మెల్లగా కొట్టడం ఇంకోటి. రెండూ పనికిరావు. ద్వేషం నిజమే. ఒడ్డున పటాలూ నిజమే. మొదటిదాన్ని ఎదిరించే నోరు మనకి ఉండాలంటే రెండోదాని సంగతి మనమే చూసుకోవాలి.

న్యూయార్క్‌లో ఇది జరిగింది. క్వీన్స్‌లో ఉండే గయానా, ట్రినిడాడ్ మూలాల హిందువులు జమైకా బే ఒడ్డున గంగాపూజ చేసి పూలూ, చీరలూ, కొబ్బరికాయలూ నీళ్ళలో వదిలేవారు. అది జాతీయ పార్కు పరిధి. 2011లో న్యూయార్క్ టైమ్స్ దాకా వెళ్ళింది విషయం. తర్వాత సాధన అనే హిందూ సంస్థ ప్రాజెక్ట్ పృథ్వీ పేరుతో స్వయంగా ఒడ్డు శుభ్రం చేసే కార్యక్రమం పెట్టుకుంది. పూజ మానమని ఎవరూ అనలేదు; పూజ చేసుకో, నీతో తెచ్చినవి నీతో తీసుకెళ్ళు అన్నారు. ఈ మాట ఒక పార్కు అధికారి చెబితే ఒకలా ఉంటుంది, పక్కన కూర్చుని హారతి పట్టిన మనిషి చెబితే ఇంకోలా ఉంటుంది.

ఇక్కడి చట్టం కూడా మనకి ఎదురుగా నిలబడి ఉందనుకోవడం సరికాదు. అస్థికల సంగతే తీసుకోండి. ఒంటారియోలో ఎవరికీ కేటాయించని క్రౌన్ భూమిలో, అలాంటి భూమి మీదున్న నీళ్ళలో, అస్థికలు కలపడానికి అనుమతి అక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఇండియాకి టికెట్ కొనలేని కుటుంబాలు దొంగల్లా రాత్రిపూట వెళ్ళి కలుపుతున్నాయి. పట్టపగలు వెళ్ళవచ్చు. బూడిద నీళ్ళలో కలుస్తుంది; కుండ, ఎర్ర గుడ్డ, దండ, ప్లాస్టిక్ కవరు మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి. తండ్రిని సాగనంపుతున్న మనిషికి ఆ నాలుగు మాటలు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుంటుంది! ఆ చెప్పేవారు పురోహితులే అయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ రోజు ఎవరి మాటైనా చెవికెక్కుతుందంటే అది ఆయనదే.

నా వాదన ఇంతే. నిర్మాల్యం విషయంలో సిటీ కరపత్రాల వల్ల ఏమీ కాదు. గుడీ, పురోహితుడూ, ఇంట్లో పెద్దావిడా "ఇలా చేస్తే దోషం లేదు" అని చెప్పాలి. శాస్త్రంలో అందుకు చోటు లేకపోలేదు. మనకి నీళ్ళు ఒక్కటే దారి కాదు, భూమి ఉంది, అగ్ని ఉంది. చిరిగిన దేవుడి క్యాలెండర్లు, వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న పెళ్ళి శుభలేఖలు డబ్బా నిండా దాచుకుని, పారేయలేక, ఇల్లు మారినప్పుడల్లా మోసుకు తిరిగే కుటుంబాలు నాకు తెలుసు. నల్ల సంచిలో వేస్తే అవి వెళ్ళేది కోర్టిస్‌లో అగ్నికే కదా అని ఒకాయనతో అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "దారిలో ఏమేం కలుస్తాయో" అన్నారు. న్యాయమైన అభ్యంతరమే.

ఆ అభ్యంతరమే మా ఇంట్లోనూ ఎదురైంది. గ్రీన్ బిన్ చెత్తబుట్ట కాదమ్మా, మీ పెంటకుప్ప లాంటిదే, అని మా అమ్మకి నచ్చజెప్పాను. ఆవిడ ఒప్పుకుంది కూడా. వారం తిరగకముందే సిటీ కాగితం పట్టుకొచ్చింది. "ఇందులో డైపర్లు వేయొచ్చని రాశారు, కుక్కలవి కూడా. స్వామి పూలు అందులో వేయమంటావా?" నిజమే, 2024 జూలై నుంచి డర్హమ్ ప్రాంతంలో డైపర్లు, పెంపుడు జంతువుల మలం కూడా గ్రీన్ బిన్‌లోకే. మామూలు చెత్త తగ్గించడానికి అది మంచి నిర్ణయం. నిర్మాల్యం మాటకొస్తే నా వాదన అక్కడితో సరి.

ఆకుల సంచి దారి ఆవిడే కనిపెట్టింది. తోటలో రాలిన ఆకులూ కత్తిరించిన కొమ్మలూ పట్టుకెళ్ళడానికి ఇక్కడ గోధుమరంగు కాగితపు సంచులు వాడతారు. వసంతం నుంచి చలికాలం మొదలయ్యేదాకా వాటిని వేరుగా సేకరిస్తారు. అందులో ఎంగిలి లేదు, మాంసం లేదు, డైపరు లేదు. ఆకులూ పూలూ తప్ప మరేమీ ఉండవు. చవితి నుంచి కార్తీకం దాకా మన పండగలన్నీ సరిగ్గా ఆకులు రాలే కాలంలోనే వస్తాయి. దండల దారం తెంపి, పూల మీద కర్పూరం, కుంకుమ పొట్లాం కాగితాలు ఏరేసి, పత్రిని మేపుల్ ఆకుల మధ్య వేస్తే ఆవిడ లెక్కలో అది చెట్టు మొదట్లో వేసినట్టే. మట్టి వినాయకుణ్ణి బకెట్‌లో కలిపి ఆ నీళ్ళు పెరట్లో పోశాం. ఈ సంగతి గ్రూపులో పెడితే ఇద్దరు పంతుళ్ళు సరేనన్నారు, ఒకరు ఇంకా ఏమీ అనలేదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ సంచులు తీసుకెళ్ళరు. ధనుర్మాసం, సంక్రాంతి, శివరాత్రి అన్నీ ఆ మధ్యలోనే. అప్పటి పూలని మా అమ్మ బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన న్యూస్‌పేపరు మీద ఆరబెట్టి, అట్టపెట్టెలో ఎత్తిపెడుతోంది. మంచు కరిగాక, మొదటి సంచి పెట్టే రోజు ఎప్పుడో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంది. ఆ క్యాలెండర్ మీద కూడా దేవుడి బొమ్మే ఉంది. డిసెంబరు 31 తర్వాత దాన్నేం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.